జాన్ ఫాదర్‌గారి పండుగ ఎప్పుడు?

మా వైపు ఇంటికొచ్చిన మనిషిని "భోంచేస్తారా?" అని అడిగితే ఆ ఇంటికి తలవంపులు. అడగకూడదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, విస్తరి వేసి, "లేవండి" అనాలి. తింటుంటే "చాలా?" అని కూడా అడగకూడదు, వడ్డించేయాలి. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత కట్టినవాడెవడో గాని, వాడు గోదావరి దాటి కోనసీమలోకి వచ్చి ఉండడు. ఈ అడక్కపోవడమే ఒక ఏడాది పాటు మా జాన్ ఫాదర్‌గారి ప్రాణం మీదికి తెచ్చింది. నా పరువు మీదికి కూడా తెచ్చింది. ఆ సంగతే చెబుతాను.

నా పేరు పాపాయమ్మ. తోకలంక అంగన్‌వాడీ టీచర్‌ని. మా ఊరికి పంచాయతీలో వేరే మంచి పేరుంది గాని, కాలవకు ఆఖర్న ఉండడంతో లోకమంతా తోకలంకే అంటుంది. కాలవ నీళ్ళు మా దగ్గరికి ఆఖర్న వస్తాయి. కరెంటూ ఆఖర్నే వచ్చింది. ఫాదర్‌గారూ అంతే. మేము ఆర్.సి.ఎం. వాళ్ళం, అంటే రోమన్ కాథలిక్కులం. పెదగరువులో ఉన్న పెద్ద గుడి కింద మాలాంటి ఊళ్ళు అరడజను పైనే ఉన్నాయి. అన్నిటికీ ఒక్కరే ఫాదర్‌గారు. మాకూ పెదగరువుకూ మధ్య గోదావరి పాయ అడ్డం. పంటు మీద మోపెడ్ ఎక్కించుకుని పాయ దాటి నెలకో ఆదివారం వస్తారు, పూజ చెప్తారు, మా అరుగు మీద కూర్చుని కొబ్బరిబొండం తాగి వెళ్ళిపోతారు.

మాలో ఫాదర్‌గారి పుట్టినరోజు ఎవరికీ పట్టదు. ఆయన ఏ పునీతుడి పేరు పెట్టుకున్నారో, క్యాలెండర్లో ఆ పునీతుడి రోజే ఆయన పండుగ. ఆ రోజు పెద్ద గుళ్ళో పూజ, దండలు, పిల్లల పాటలు, ఊరికో కానుక, ఆపైన భోజనాలు. అన్ని ఊళ్ళ వాళ్ళూ పెదగరువు వెళ్ళాలి. ఇదివరకటి ఫాదర్‌గారు సెబాస్టియన్. ఆయన పండుగ జనవరిలో, అందరికీ తెలిసిన రోజు, గొడవ లేదు. తొంభై ఎనిమిది వేసవిలో ఆయన బదిలీ అయి జాన్ ఫాదర్‌గారు వచ్చారు. నెల్లూరు వైపు మనిషి, బక్కపలచన, నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే రకం. మేము అవునండీ అనడానికి "ఆయ్" అంటూ, దాన్నే మాటకు ముందొకటి, వెనకొకటి తగిలిస్తుంటే తెల్లబోయి చూసేవారు. పిల్లలు నేర్పాలని ఎంత తంటాలు పడ్డా ఆ ముక్క ఆయన నోట పలికేది కాదు.

జాన్ అంటే యోహానే కదా. జూన్ ఇరవై నాలుగు స్నాపక యోహాను వారి పండుగ. అదే మన ఫాదర్‌గారి పండుగ అని పెదగరువు సంఘ పెద్ద ప్రభాకరరావుగారు తేల్చేశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఆయన తేల్చాక ఇంక తేలనిది ఉండదు. "తమరిది ఏ జాన్ గారండీ?" అని ఫాదర్‌గారిని అడగడం మర్యాద కాదని ఈయన అడగలేదు. దండ పట్టుకొచ్చినవాళ్ళను ఆపడం మర్యాద కాదని ఫాదర్‌గారు ఏమీ అనలేదు.

మేమూ వెళ్ళాం. పనసకాయలు కానుకగా పట్టుకెళ్ళాం. మా అంగన్‌వాడీ పిల్లలకు కాగితపు రెక్కలు కట్టి, దేవదూతల పాట నేర్పి, వేసవి సెలవులన్నీ నా గొంతు అరగదీసుకున్నాను. ఊళ్ళ వరసలో మాది ఆఖరు. మా వంతు వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. మైకు సెట్టతను వైర్లు చుట్టేస్తున్నాడు.

"ఈసారికి పాట ఉండనివ్వండి పాపాయమ్మగారూ. వచ్చే ఏడు మీ పిల్లల్తోటే మొదలెట్టిద్దాం, ఆయ్," అన్నారు ప్రభాకరరావుగారు, మాటకు తేనె పూసి.

ఆ మాట ఆయన ఏటా అనేదే. భోజనాల దగ్గరా మాది ఆఖరి బంతి. కోడికూర గిన్నెలో గరిటె అడుగుకు తగిలి మోగింది. తిరిగొచ్చేటప్పుడు పంటు మీద పిల్లల రెక్కలు వానకు నాని, ఒక్కొక్కటే జారి కింద పడ్డాయి.

ఇంటికి రాగానే మా అత్తగారు రత్నమ్మగారు మంచం మీంచి లేచి కూర్చున్నారు.

"ఎలా జరిగిందే? ఫాదర్‌గారి మెళ్ళో ఏం దండేసేరు? పిల్లలు బాగా పాడేరా?"

ఆవిడ ఏటా అడుగుతారు. ఒక్కసారీ చూసింది లేదు. మా మామగారు పడవ నడిపేవారు. పంటు రాకముందు ఈ పాయ మీద ఆయన పడవే ఆధారం, ఊరంతా ఆయన్ని పడవాయన అనేవారు. పండుగ రోజున జనాన్ని దాటించడం మొదలెడితే చీకటి పడ్డాక గాని గెడ కింద పెట్టేవారు కాదు. అత్తగారు ఆయన కోసం అన్నం మూట పట్టుకుని రేవులోనే కూర్చునేవారు. ఆయన పోయారు, పంటు వచ్చింది, అప్పటికి ఈవిడ మోకాళ్ళు పోయాయి. పెదగరువు గుడి గోపురం మా గట్టు మీంచి కనబడుతూనే ఉంటుంది. కనబడడమే గాని ఆవిడకు అది కాశీ అంత దూరం.

బాగా పాడారని అబద్ధం చెప్పబోయి ఆగాను. "పాడనివ్వలేదండి," అన్నాను.

"పోన్లే. ఆ పండగేదో ఒక్కసారి మనూళ్ళో జరిగితే కళ్ళారా చూద్దును," అన్నారు. కోపంగా కాదు. ఎలాగూ జరగదన్న ధైర్యంతోనే అన్నారు, అదే నన్ను పొడిచింది.

"జరుగుతుందండి. తోకలంకలో ఫాదర్‌గారి పండుగ చేయించకపోతే నా పేరు పాపాయమ్మే కాదు," అన్నాను. నా గొంతు మామూలుగానే పెద్దది. వీధిలో వాళ్ళంతా విన్నారు. ఇంక వెనక్కి తీసుకునే దారి లేకుండా పోయింది.

మా బావగారు, అంటే అత్తగారి పెద్దకొడుకు ఏసుపాదంగారు, ఊరి ఉపదేశి. ఫాదర్‌గారు రాని ఆదివారాలు గుళ్ళో ప్రార్థన ఆయనే నడుపుతారు. ఆయనింట్లో మేత్రాసనం వాళ్ళు, అంటే బిషప్పుగారి ఆఫీసు వాళ్ళు, వేసిన క్యాలెండరు ఉంది, రోజుకో పునీతుడి పేరుతో. ఆ సాయంత్రమే దాన్ని గోడ మీంచి దింపించాను.

"జాన్లు బోల్డుమంది ఉన్నారమ్మా," అన్నారు బావగారు కళ్ళజోడు సర్దుకుంటూ. "ఇదిగో, ఆగస్టు నాలుగు, జాన్ వియాన్ని గారు. ఊళ్ళల్లో పనిచేసే ఫాదర్లందరికీ ఈయనే పెద్ద దిక్కు."

"మరింకేంటండి. మన ఫాదర్‌గారికి ఫాదర్ల జాన్ గారు కాక ఇంకెవరు?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఆయన జూన్లో దండేయించుకున్నారు కదా."

"వాళ్ళేసేరు గనక వేయించుకున్నారు. మనం వేస్తే మనకీ వేయించుకుంటారు."

"పోనీ ఆయన్నే ఓసారి అడిగితేనో?"

"అడుగుతారేంటండీ, బాగోదు," అన్నాను. ఎంతైనా నేనూ కోనసీమదాన్నే.

ఆ తర్వాత ఆదివారం బొండం చేతికిస్తూ ఫాదర్‌గారిని పిలిచాను. "ఆగస్టు నాలుగున తమరు మా ఊరు దయచేయాలండి."

"ఏమిటమ్మా విశేషం?"

"తమరికి తెలీందేముందండి."

ఫాదర్‌గారు తల ఊపారు. ఆయనకు తెలీదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఇద్దరం మర్యాదస్తులమే, మాట అక్కడితో ఆగింది.

తొంభై ఆరు తుఫాను తర్వాత రేకులు వేసుకున్న గుడి మాది. దాని ముందు తాటాకు పందిరి వేశాం. పిల్లలకు కొత్త రెక్కలు. అత్తగారికి కొత్త చీర కట్టించి, మంచం తీసుకెళ్ళి గుడి గుమ్మం పక్కన వేయించాను. అంతా బాగుంది గాని గోదావరికి మా సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ ముందు రోజు నుంచే ఎర్రనీళ్ళు పొంగాయి. పంటు కట్టేశారు. అవతలి గట్టు మీద మోపెడ్ పక్కన ఫాదర్‌గారు నిలబడి చెయ్యి ఊపుతున్నారు. ఇవతలి గట్టు మీద రెక్కలతో పిల్లలూ, దండ పట్టుకుని నేనూ.

"పడవాయన ఉంటేనా, ఈ మాత్రం వరదకి ఆగేవాడా," అన్నారు ఎవరో వెనక నుంచి. అత్తగారి మంచం మళ్ళీ ఇంటికి మోసుకొచ్చాం.

ఇంతటితో అయితే సరే అనుకుందును. అవతలి గట్టున రేవుపాలెం ఉంది, అదీ మా ఫాదర్‌గారి కిందిదే. వానలో తడుస్తున్న మనిషిని ఆ ఊరివాళ్ళు చూసి ఏంటండీ అంటే, అప్పటికి సంగతి చెవిన పడింది కాబోలు, పాపం అబద్ధం రాని మనిషి, "తోకలంకలో ఇవాళ నా పండుగట" అన్నారు. అంతే. పండుగ పూట ఫాదర్‌గారు పస్తు వెళ్తే రేవుపాలెం పరువేం కావాలి? అప్పటికప్పుడు రెండు కోళ్ళు కోసి, బంతిపూల దండేసి, అరటాకు నిండా పెట్టి పంపారు. మా వియాన్ని గారు రేవుపాలెం పాలయ్యారు.

అక్కడి నుంచి మొదలైంది తమాషా. రేవుపాలేనికి ఉండగా మనకెందుకు ఉండకూడదని ప్రతి ఊరూ క్యాలెండరు దింపింది. జాన్ క్రిసోస్తం గారు గొప్ప వక్త అని తెలిసి, మైకు సెట్టున్న ఊరు ఆయన్ని పట్టుకుంది. అక్టోబరులో కాపిస్త్రానో జాన్ గారిని ఇంకో ఊరు పట్టుకుంది. ఆ పేరు పలకలేక దండ మీద ఉత్త జాన్ అనే రాశారు. పునీతులు చాలక ధన్యుల మీద పడ్డారు. నవంబరులో ధన్య జాన్ డన్స్ స్కాటస్ గారు ఉన్నారు. "ఇంకా పునీతుడు కాలేదు, ధన్యుడే కదండీ" అని ఒకళ్ళంటే, "ధన్యుడైతే జాన్ కాకుండా పోయేడా, కోడికి బదులు చేప పెడదాం" అని ఇంకొకళ్ళు. డిసెంబరులో సిలువ జాన్ గారు అయ్యారు. క్రిస్మస్ వెళ్ళీ వెళ్ళకుండానే అపోస్తలుడైన యోహాను వారి పండుగ వచ్చింది. అది మళ్ళీ ప్రభాకరరావుగారే చేశారు. జూన్లో జరిగింది ఉత్త శాంపిలట, అసలుది ఇదట. జనవరి ఆఖరులో డాన్ బోస్కో జాన్ గారు పెదగరువు గుడి హాస్టలు పిల్లల వాటాకు వెళ్ళారు.

ఫాదర్‌గారు ఎవరినీ కాదనలేదు. వెళ్ళారు, తిన్నారు, దండలు మోశారు. నేను ఏ తారీఖు మీద చెయ్యి వేసినా అప్పటికే ఎవరో పిలిచేసి ఉండేవారు. కబురు కూడా మాకు ఆఖర్నే వస్తుంది మరి. ఎలాగో ఫిబ్రవరి నాలుగు, జాన్ బ్రిట్టో గారిని మాత్రం ముందుగానే దొరకబుచ్చుకున్నాను. ఆ రోజు పొద్దున్నే కబురొచ్చింది, ఫాదర్‌గారు అమలాపురంలో ఒక ఆస్పత్రి మంచం మీద గ్లూకోజు ఎక్కించుకుంటున్నారని. డాక్టరు ఏం తిన్నారని అడిగితే ఏది వదిలి ఏది చెప్పాలో ఆయనకు తెలియలేదట. అత్తగారి మంచం గుడి దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

తర్వాత తపస్సు కాలం వచ్చింది. ఈస్టరు దాకా పండుగలు లేవు, మాంసం లేదు. వేసవి వస్తే బదిలీలు. ఫాదర్‌గారిని ఎక్కడికి పంపిస్తారో తెలీదు. క్యాలెండర్లో మా వంతుకు ఒక్క జాన్ గారూ మిగల్లేదు. వీధిలో నన్ను చూసి "ఏంటి పాపాయమ్మగారూ, పేరు మార్చుకున్నారంటగా?" అని నవ్వేవాళ్ళు ఎక్కువయ్యారు. నవ్వితే నవ్వారు, అది నేను కాస్తాను. అత్తగారు ఆ కొత్త చీర మడత పెట్టి పెట్టెలో దాచేశారు. అది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

ఆ తపస్సు కాలంలోనే ఒక ఆదివారం ఫాదర్‌గారు పూజ అయ్యాక మా అరుగు మీద కూర్చున్నారు. డాక్టరు చెప్పాడని మజ్జిగ ఒక్కటే తాగుతున్నారు. పక్కన బావగారు. గుమ్మంలో మంచం మీద అత్తగారు. నాలో ఏడాది నుంచి మగ్గినదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"ఫాదర్‌గారూ, తప్పుగా అనుకోకండి. అడక్కూడనిది అడుగుతున్నాను. అసలు తమరి జాన్ గారు ఎవరండీ?"

"పాపాయమ్మా," అని బావగారు గదిమారు.

ఫాదర్‌గారు గ్లాసు కింద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. నవ్వారు. "ఎవరైనా అడుగుతారేమోనని వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నానమ్మా. మీరే అడిగారు. ఏ జానో నాకూ తెలీదు."

అత్తగారు మంచం మీద కొంచెం ముందుకు జరిగారు.

"నేను బోర్డింగులో పెరిగినవాణ్ణి," అన్నారు ఆయన. "పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో గుడి మెట్ల మీద వదిలి వెళ్ళారట. అప్పటి ఫాదర్‌గారు నాకు జాన్ అని జ్ఞానస్నానం ఇచ్చారు. ఏ జాన్ పేరు పెట్టారో ఎవరికీ చెప్పకుండానే ఆయన చనిపోయారు. మా బోర్డింగులో ఒక అలవాటు ఉండేది. ఎవరి పునీతుడి రోజు వస్తే ఆ పిల్లవాణ్ణి భోజనాల ముందు నిలబెట్టి, సిస్టర్‌గారు చేతిలో ఒక లడ్డు పెట్టేవారు. మిగతావాళ్ళంతా చప్పట్లు కొట్టాలి. జూన్లో నేను లేచి నిలబడితే, 'నీది ఇది కాదేమోరా, డిసెంబరులో చూద్దాం' అనేవారు. డిసెంబరులో నిలబడితే, 'జనవరిలో చూద్దాం, కూర్చో' అనేవారు. ఇంతమంది జాన్లు ఉండి నాకు ఒక్క లడ్డు రాలేదమ్మా."

ఆయన నవ్వుతూనే చెప్పారు. నాకు నవ్వు రాలేదు, కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి.

"మరి ఇన్ని ఊళ్ళవాళ్ళు పిలుస్తుంటే తమరు ఒక్క మాటైనా అనలేదేంటండీ?"

"ఏమని అంటాను? పిలిచిన ప్రతిసారీ, వెళ్ళేటప్పుడు ఇదే నాదేమో అనిపించేది. వచ్చేటప్పుడు కాదేమోలే అనిపించేది. అంతే."

అప్పుడు మంచం మీంచి అత్తగారు పిలిచారు. "ఏసుపాదం, మీ నాన్నగారి పేరేంట్రా?"

ఇదేం అడగడమని బావగారు విస్తుపోయారు. "నాన్నగారి పేరా? జా..." అని ఆగిపోయారు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "జాను," అన్నారు మెల్లగా.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. అత్తగారు మొగుడి పేరు చచ్చినా పలకరు. మామగారి పేరు పలకడం బాగోదని నేనూ ఎన్నడూ నోట రానివ్వలేదు. ఊరికేమో ఆయన పడవాయన. కన్నకొడుకు పునీతుల క్యాలెండరంతా తిరగేశాడు గాని ఇంట్లో మనిషి తలపులోకి రాలేదు. ఏడాది పొడుగునా జాన్ల కోసం దేవులాడాం, మా ఇంట్లోనే ఒక జాను ఉన్నాడన్న సంగతి మరిచిపోయాం.

అత్తగారు ఫాదర్‌గారి వైపు తిరిగారు. "మా ఇంటాయన ఫాదర్‌గార్లనందర్నీ ఈ పాయ దాటించేరండి. వాననక, వరదనక. రేవులో మనిషిని ఒగ్గేసి ఇంటికొచ్చిన రోజు లేదు. ఒక్క పండగ బంతిలో కూర్చుని తిన్నదీ లేదు. ఈస్టరెళ్ళిపోయేక, ఏప్రిల్ నెలాఖర్న ఆయన పోయిన రోజు. ఆ రోజు ఎలాగూ ఆయన పేర మా ఊళ్ళో పూజ చెప్తారు కదండి. తమరికి జాన్ గారెవరూ లేకపోతే మాయన్ని తీసుకోండి. ఆయన్ని రోములో పోపుగారు పునీతుడనలేదనుకోండి."

ఫాదర్‌గారు లేచి అత్తగారి మంచం పక్కకు వచ్చారు. "పోపుగారు పేరు చెప్పని పునీతులే ఎక్కువమంది అమ్మా. వాళ్ళందరికీ కలిపే కదా నవంబరు ఒకటిన పండుగ చేస్తాం. వాళ్ళలో ఈయన లేకుండా ఎలా ఉంటారు?"

"అయితే ఇంకో ఊరు పిలిస్తే వెళ్ళరు కదండీ?" అన్నాను నేను కళ్ళు తుడుచుకుంటూనే. నా అనుమానం నాది.

"ఈ జాన్ గారు ఇంకే క్యాలెండర్లోనూ లేరు కదమ్మా," అన్నారు ఫాదర్‌గారు.

కబురు తెలిసి ప్రభాకరరావుగారు మర్నాడే పంటు దాటి వచ్చారు. "అలాగంటే ఎలాగండీ పాపాయమ్మగారూ? మీ మామగారు మంచివారే, కాదన్ను. పునీతుల్లో లేరు కదండీ."

"లేరండి. తమరు కొత్తగా ఉద్యోగంలో చేరి మా ఊరి బళ్ళో పనిచేసేరు కదండి. రోజూ పొద్దున్నా సాయంత్రం తమర్ని ఎవరు దాటించేవారండి?"

ప్రభాకరరావుగారు చేతిలో గొడుగు కింద పెట్టి కూర్చున్నారు. పాయ వైపు చూశారు. "ఆయనే. ఓ వరదలో పడవ గట్టుకి అందకపోతే నన్ను వీపునేసుకుని బురద దాటించేరు. బట్టలు పాడైతే పిల్లలు నవ్వుతారండి అన్నారు," అని లేచారు. "ఏం తెమ్మంటారో చెప్పండి. మైకు సెట్టు నేను పట్టుకొస్తాను, ఆయ్."

ఆ ఏప్రిల్ నెలాఖరున ఊళ్ళకు ఊళ్ళు పంటు ఎక్కి తోకలంక వచ్చాయి. అన్ని ఊళ్ళ వాళ్ళూ ఎండలో మా రేవులో దిగి, మా గట్టు మీద నడిచి, మా రేకుల గుడి ముందు నిలబడ్డారు. అలాంటిది నా పుట్టుకలో చూడలేదు. అత్తగారు కొత్త చీరలో గుమ్మం పక్కన మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్ళనల్లా పేరు పేరునా పలకరిస్తున్నారు. పూజలో ఫాదర్‌గారు మామగారి పేరు గట్టిగా చదివితే అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడిపోయారు. దండ ఆవిడే వేశారు. మా పిల్లలు మొట్టమొదట పాడారు. మైకులో పాడారు. పాడిందే మళ్ళీ పాడారు. ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది, నేను పక్కనే నిలబడి ఉన్నాను మరి.

భోజనాల దగ్గర పెదగరువు వాళ్ళని ఆఖరి బంతిలో కూర్చోబెట్టాలని నా పట్టు. ఏడాది కాదు, ఎన్నో ఏళ్ళ బాకీ అది. విస్తళ్ళు అలాగే వేయించాను. అత్తగారు చూశారు. "తప్పే. ఎండన పడొచ్చేరు, ముందు వాళ్ళకే పెట్టండి," అన్నారు. ఆవిడ మాట కాదనలేను. మళ్ళీ మాదే ఆఖరి బంతి అయింది. గిన్నెలు మాత్రం ఈసారి నిండుగానే ఉన్నాయి.

వడ్డన మొదలెట్టబోయే ముందు నేను ఆపించాను. ఫాదర్‌గారిని విస్తళ్ళ ముందు నిలబెట్టాను. ఎందుకో ఆయనకు అర్థమైనట్టుంది, బడి పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. ముందు రాత్రి నేను చుట్టిన లడ్డుల్లోంచి పెద్దది ఏరి అత్తగారి చేతిలో పెట్టాను. బావగారూ ప్రభాకరరావుగారూ చెరో పక్క పట్టుకుంటే ఆవిడ లేచి, మెల్లగా వచ్చి, ఆ లడ్డు ఆయన అరచేతిలో పెట్టారు.

"ఇది మీదే నాయనా. ఇంకో నెల్లో చూద్దామని ఇంకెవరూ అనరు."

నేను సైగ చేశాను. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. బంతుల్లో కూర్చున్నవాళ్ళూ కొట్టారు, ఎందుకో సగం మందికి తెలియకపోయినా కొట్టారు. ఫాదర్‌గారు ఆ లడ్డును చూస్తూ అలాగే ఉండిపోయారు. తినడం చేతకానట్టు.

"ఇంకిదే కదండి మీ పండగ?" అని అడిగారు అత్తగారు.

ఫాదర్‌గారు తలెత్తి ఆవిడను చూశారు. లడ్డు కొస చిన్నగా కొరికి, నోట్లో అది ఉండగానే, "ఆయ్," అన్నారు.